చిలకల గలేబు కింద ఆగిపోయిన పెళ్లి

కట్టాడండీ... మా అల్లుడు మా అమ్మాయి మెడలో పుస్తె కట్టాడు! ఇవాళ మధ్యాహ్నం, మా ఇంటి టీవీలో, మా అమ్మ కళ్ల ముందే!

పెళ్లి ఎండాకాలంలోనే అయిపోయింది. కానీ అప్పుడు మా అమ్మ కాలు విరిగి మంచం మీద ఉంది. మండపానికి రాలేకపోయింది. ఆమెకు ఆ పెళ్లి వీడియోలో చూపించడానికి నేను పడ్డ తిప్పలు చెప్పాలంటే... ముందు మా పెద్దనాయన ఇంటి రేడియో సంగతి చెప్పాలి.

మా చిన్నప్పుడు... శంషాబాద్ పక్కన మా ఊళ్లో, వాడకట్టు మొత్తానికి ఒకటే రేడియో. మా పెద్దనాయన ఇంట్లో, గోడకు కొట్టిన చెక్క మీద ఉండేది. దిండుకు తొడిగినట్టు దానికో ఎర్ర గలేబు... మా పెద్దమ్మ స్వయంగా కుట్టింది. దాని మీద ఆకుపచ్చ దారంతో రెండు చిలకలు.

పెద్దనాయన కొడుకు నర్సింహన్న నాకంటే కొంచెం పెద్ద. పిల్లల్లో ఆ గలేబు ముట్టే హక్కు ఆయన ఒక్కడిదే. ఒకసారి నేను చిలక ముక్కు మీద వేలు పెట్టాను.

"చేతులు కడుక్కొని రాపో!" అన్నాడు, అందరి ముందర.

కడుక్కొని వచ్చేసరికి తలుపు వేసేశారు. రేడియో పాడేటప్పుడు ఎప్పుడూ అంతే... పిల్లల గోల లోపలికి రాకుండా తలుపు మూసేవారు. మేం బయట గోడకు చెవులు ఆనించి వినేవాళ్లం.

ఎంత కుళ్లు నాకు! రేడియో మీద కూడా కాదు... ఆ చిలకల మీద. నా ఇంట్లోనూ ఒకనాడు గలేబు తొడిగిన వస్తువు ఉండాలని ఆ గోడ దగ్గరే అనుకున్నాను.

తల నెరిశాక ఆ రోజు వచ్చింది. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. దాన్ని టీవీలో చూడటానికి చిన్న నల్ల డబ్బా, మీడియా ప్లేయర్ కొన్నాను. తెచ్చిన రోజే నా భార్య లక్ష్మితో గలేబు కుట్టించాను. ఎర్ర బట్ట, ఆకుపచ్చ చిలకలు... రిమోట్ పనిచేయడానికి ముందువైపు చిన్న సందు. ఎంత మురిసిపోయానో!

అమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి వీడియో పెట్టాం. ఎదురుకోళ్లు మంచిగా నడిచాయి. జీలకర్ర బెల్లం మంచిగా నడిచింది. అల్లుడు పుస్తె చేతిలోకి తీసుకున్నాడు... అంతే, బొమ్మ ముక్కలు ముక్కలైపోయింది. ఒట్టి మేళం చప్పుడే వస్తోంది. కాసేపటికి అదీ ఆగింది. పెళ్లి చేయించే అయ్యగారి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

"ఏందిరా యాదయ్యా, కట్టిండా లేదా?" అంది అమ్మ.

"కట్టిండమ్మా, మేమందరం చూసినం గద."

"నేను చూడలె గద!"

"ఫోటోలున్నయ్ గదనే..."

"ఫోటోలల్ల అందరు గుంజల లెక్క నిలబడ్తరు. నా మనుమరాలు తల వంచంగ చూడాలె నేను." అక్షింతలు కొంగున ముడి వేసుకుని కూర్చుంది. విప్పనంది.

వైరు మార్చాను. గగన్‌పహాడ్ పోయి వీడియో తీసినాయన దగ్గర మళ్లీ ఎక్కించుకొచ్చాను. డబ్బా కొన్న దుకాణంలో పెట్టి చూస్తే కాసేపు చక్కగా ఆడింది. ఇంటికి తెస్తే మళ్లీ పుస్తె దగ్గరే ఆగింది. దుమ్ము లోపలికి పోతోందేమోనని గలేబు మీద తువ్వాల కూడా కప్పాను.

అదే పెన్‌డ్రైవ్ నర్సింహన్న ఇంట్లో మొదటి నుంచి చివరిదాకా ఆడింది! ఆయన డబ్బా ఉత్తదే, గలేబు కూడా లేదు. నా కడుపు మండిపోయింది.

"మా ఇంట్ల నీ బిడ్డ పెండ్లి రెండుసార్లయింది తమ్మీ, మీ ఇంట్ల ఇంక కాలేదా?" అన్నాడు బజార్లో. "చిన్నమ్మను మంచంతోని మా ఇంటికే ఎత్తుకపోదం పా."

వద్దన్నాను. మళ్లీ ఆ గడప దగ్గరికేనా? ఆయన దిష్టే తగిలిందని డబ్బాకు మిరపకాయలు కూడా తిప్పించాను...

ఇవాళ అమ్మను చూద్దామని ఆయనే వచ్చాడు. వీడియో మళ్లీ ఆగి ఉంది. ఆయన చెయ్యి గలేబు మీదికి పోయింది.

"చేతులు కడుక్కొని ముట్టన్నా!"

నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. నర్సింహన్న నన్ను చూశాడు. పెరట్లోకి పోయి చేతులు కడుక్కొని, తుడుచుకొని వచ్చి గలేబు ఎత్తాడు.

"వామ్మో, పెనం లెక్క కాలుతున్నదిరా! దీనికి ఊపిరాడుతలేదు. గలేబు ఎవరు తొడగమన్నరు?"

"మీ రేడియోకు లేకుండెనా?"

"పాడేటప్పుడు తీస్తుండె గదరా..." అని ఆగాడు. "నువ్వు బయట ఉంటివి. నీకేం ఎరుక."

ఆయన ఆ గలేబుతోనే డబ్బాకు గాలి విసిరాడు. చల్లబడ్డాక మళ్లీ పెట్టాం. మా అమ్మాయి తల వంచింది. అల్లుడు పుస్తె కట్టాడు! అమ్మ కొంగు ముడి విప్పి అక్షింతలు టీవీ మీదికి విసిరింది. సగం నర్సింహన్న బట్టతల మీదే పడ్డాయి.

"నీకు పుణ్యముంటది నర్సిమ్మా," అంది అమ్మ. నాకొక్క మంచి మాట లేదు! చూశారా...

పోయేటప్పుడు నర్సింహన్న ఆ గలేబును చేతితో నిమిరాడు. "మా అమ్మ కుట్టింది ఎలుకలు కొట్టినయ్ తమ్మీ. జర గిది నాకిస్తవా?" ఇవ్వలేదు. లక్ష్మితో ఇంకోటి కుట్టిస్తానన్నాను. ఈ చిలకలు నావి!

ఇప్పుడు ఇంటింటికీ టీవీలే... పాట కోసం గోడకు చెవి ఆనించేవాళ్లే లేరు. మీరు ఎవరి గోడ బయట నిలబడి విన్నారో, ఎవరిని చూసి కుళ్లుకున్నారో రాయండి... నేనొక్కణ్ణే కాదని తెలిస్తే చాలు.

ఇక నేను కబురు చెప్పాలి... పహాడీ షరీఫ్ దగ్గరున్న చెల్లె సత్తెమ్మకు, ఆరాంఘర్ బావకు, రోజూ ఫోన్ చేసి "అయిందా?" అని నవ్వే మేనత్తకు, మీ అబ్బాయి ఎట్టకేలకు పుస్తె కట్టాడని వియ్యంకులకు... నర్సింహన్నకు చెప్పే పని లేదు. మా ఇంట్లో తలుపు మూయలేదు. ఆయన లోపలే కూర్చుని చూశాడు.