పద్నాలుగో కొక్కేనికి తగిలించిన బిళ్ళ

1964 వేసవిలో నన్ను ఖరగ్‌పూర్‌లో ఒక మెషిన్ షాపు టూల్ రూంకి చార్జ్‌మన్‌గా వేశారు. చార్జ్‌మన్ అంటే కార్మికులకు పైన, ఫోర్‌మన్‌కు కింద. రెండు వైపులా మాట పడే హోదా. పనిముట్లకు జవాబుదారీ నాది. వాటిని చేతికిచ్చి తిరిగి తీసుకునే పని అప్పలస్వామిది. ఆయనది పాలకొండ వైపు, తండ్రి నాటి నుంచీ రైల్వేనే.

టూల్ రూం పద్ధతి ఇది. ప్రతి కార్మికుడికీ తన టికెట్ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళలుంటాయి. పనిముట్టు కావాలంటే ఒక బిళ్ళ ఇవ్వాలి. పనిముట్టు తీసిన కొక్కేనికి ఆ బిళ్ళ తగిలిస్తారు. బిళ్ళ కనబడిందంటే పనిముట్టు ఆ మనిషి దగ్గరున్నట్టే. వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ ఏడు ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబం దేశం విడిచి వెళ్తూ ఇంట్లో ఉన్న పాత పుస్తకాలన్నీ తూకానికి వేసేసింది. గోల్‌బజార్‌లో పాత కాగితాల కొట్లో అప్పలస్వామికి అందులో ఒక కట్ట దొరికింది. అన్నీ ఇంగ్లీషు కామిక్స్. అమెరికాలో మద్యనిషేధం రోజుల నాటి గ్యాంగ్‌స్టర్ల కథలు. ఆయనకు అక్షరాలు తెలుసు గాని మాటలు తెలియవు. అయినా మధ్యాహ్నం భోజనాల వేళ బొమ్మలు చూపిస్తూ కథ నడిపించేసేవాడు.

"ఈడు పెద్దోడి కుడిభుజం. సివరికి ఈడే పెద్దోణ్ణి ఏసేత్తాడు, సూడండి" అనేవాడు. తరవాత నేను చదివితే కథ వేరుగా ఉండేది. ఆయన చెప్పిందే బాగుండేది.

మాకందరికీ ఆ కథల పిచ్చి ఎందుకు పట్టిందో తరవాత చాలాసార్లు ఆలోచించాను. టోపీలు, పొడుగు కోట్లు, నల్ల కార్లు కంటికి ఇంపుగా ఉండేవి, నిజమే. అసలు సంగతి, ముఠాలోనూ మా షాపులో లాగే హోదాలుండేవి. పైవాడు హుకుం వేస్తాడు, కిందివాడు ఇరుక్కుంటాడు. పైగా అదంతా ఎప్పుడో గడిచిపోయిన కాలం, మనవాళ్ళెవరూ లేని ఊరు. ఎవడు చచ్చినా నిశ్చింతగా పేజీ తిప్పుకోవచ్చు. పట్టుబడ్డవాడు పోలీసులకు సాటివాడి పేరు చెప్పకపోతే మా వాళ్ళు "శభాష్ దాదా" అని తొడ చరిచేవారు. నేనూ చరిచినవాణ్ణే.

పుస్తకాలు ఇళ్ళకూ వెళ్ళడం మొదలైంది. అప్పలస్వామికి తెలిసిన పద్ధతి ఒక్కటే. పుస్తకం ఇచ్చి, బిళ్ళ పుచ్చుకుని, ఖాళీగా ఉన్న ఏదో ఒక కొక్కేనికి తగిలించేవాడు. తప్పని తెలిసీ నేను ఊరుకున్నాను. నా సొరుగులోనూ ఎప్పుడూ ఒక పుస్తకం ఉండేది. నన్ను బిళ్ళ అడిగేవారు కాదు.

ఒక శనివారం సగం పూట పని ముగిశాక, బంధువు పోయారని అప్పలస్వామి ఊరికి బయలుదేరాడు. సోమవారం పొద్దున్నే అసిస్టెంట్ ఆఫీసరు చెప్పకుండా తనిఖీకి వచ్చారు. పద్నాలుగో కొక్కేనికి ఉండాల్సిన మైక్రోమీటరు లేదు. వెంట్రుకవాసి మందం కూడా కొలిచే ఖరీదైన పరికరం అది. దాని చోట ఫిట్టర్ సింహాచలం బిళ్ళ ఉంది. రిపేరుకు పంపిన వాటి రిజిస్టర్లో ఆ నంబరు లేదు. సింహాచలాన్ని పిలిపించారు.

"నాకాడ లేదు బాబూ" అన్నాడు. మరి బిళ్ళ ఎందుకిచ్చావంటే తల దించుకున్నాడు. ఎన్నిసార్లడిగినా అంతే.

ఆఫీసరు నా వైపు తిరిగి, నీకేమైనా తెలుసా అని అడిగారు. అది పుస్తకానికిచ్చిన బిళ్ళేమోనని ఆ క్షణంలోనే నాకు తోచింది. తెలియదన్నాను. నా సొరుగు తెరిపిస్తారని భయం. బుధవారం అప్పలస్వామి వస్తాడు, ఆయనే చెప్పుకుంటాడులే అని సర్దిచెప్పుకున్నాను. పై గ్రేడుకు ట్రేడ్ టెస్ట్ మంగళవారం. సింహాచలం దానికోసం ఏడాదిగా తయారవుతున్నాడు. విచారణ తేలేదాకా టెస్ట్‌కు కూర్చోవద్దని కాగితం ఇచ్చారు. ఆ కాగితం రాసిన చెయ్యి నాదే.

బుధవారం అప్పలస్వామి వచ్చీ రాగానే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మైక్రోమీటరు నానే రిపేరుకంపినాను బాబూ. రిజిస్టరు సోమవారం రాద్దునని ఒగ్గీసినాను. రసీదు సింహాచలానికిచ్చిన బొమ్మల పుస్తకంలో పేజీ గురుతుకెట్టినాను." పుస్తకం పూరీ గేట్ బస్తీలో సింహాచలం ఇంట్లో, బట్టల పెట్టె అడుగున దొరికింది. రసీదు అందులోనే ఉంది. తనను కాపాడే కాగితాన్ని ఆ మనిషి తనకు తెలియకుండానే తాళం వేసి దాచుకున్నాడు.

కేసు కొట్టేశారు. అప్పలస్వామిని టూల్ రూం నుంచి తీసి తుక్కు యార్డుకు పంపారు. ట్రేడ్ టెస్ట్ మళ్ళీ రెండేళ్ళ దాకా పడలేదు. సింహాచలం కంటే వెనక చేరినవాళ్ళు ఆయనకు పైవాళ్ళయ్యారు. నన్నెవరూ ఏమీ అనలేదు.

పుస్తకం సంగతి ముందే ఎందుకు చెప్పలేదని తరవాత సింహాచలాన్ని అడిగాను.

"అప్పలసామి మావకి రిటైరుమెంటు దగ్గరకొచ్చింది. నాను సెప్తే ఆ మనిసినక్కడ ఉంచుతారేటి?" అన్నాడు. మళ్ళీ తనే, "అయినా తమరికి తెలుసు గదా బాబూ. తమరే సెప్తారనుకున్నాను" అన్నాడు.

కోపంగా అనలేదు. అందుకే నాకు సిగ్గేసింది.

తరవాతి ఉద్యోగంలో నేను చాలా విచారణలు చేశాను. ఆ మైక్రోమీటరు కేసు ఫైలులో సింహాచలం వాంగ్మూలమూ నాదీ ఒకే పేజీలో ఉన్నాయి. ఆయన సాటివాడి కోసం నోరు మూసుకున్నాడు, నేను నా కోసం. కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఎవరైనా "తెలియదు" అంటే, చెబితే నష్టపోయేది ఎవరో ముందు కనుక్కునేవాణ్ణి. తరచుగా ఆ నష్టపోయేవాడు బల్లకు ఇవతల, విచారించేవాళ్ళలో నా పక్కనే కూర్చుని ఉండేవాడు.