అన్నిటికీ "లేదు" అని రాసిన నాయనమ్మ, స్వరూప మేడమ్‌కి

నిన్న పొద్దున్న స్కూల్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. కళ్ళజోడు లేదు. "విషాదం" అన్న మాట ఒక్కటే కనిపించింది.

మనవరాలు జాహ్నవి నా ఎదురుగానే ఇడ్లీ తింటోంది. అయినా నా కళ్ళ ముందు స్కూల్ బస్సే తిరిగింది.

కళ్ళజోడు వెతుక్కుని చదివాను.

స్వరూప మేడమ్ ఇక లేరు. వాకింగ్ నుంచి వచ్చి సోఫాలో కూర్చున్నారట. మళ్ళీ లేవలేదట. యాభై కూడా నిండలేదు.

మన తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ టవర్లలో చాలామందికి ఆవిడ తెలుసు. స్కూల్లో కౌన్సెలర్. పిల్లల మనసులో ఏముందో కనుక్కునే ఉద్యోగం.

నేను ఐదో తరగతి దాకానే చదివాను. తప్పులుంటే సర్దుకోండి.

నాకు ఆవిడంటే కుళ్ళు.

పోయిన మనిషి గురించి ఇలా రాయకూడదని తెలుసు. కానీ ఆవిడ దగ్గర ఒకసారి అబద్ధం రాసి దొరికిపోయాను. మళ్ళీ రాయలేను.

పోయిన ఏడాది స్కూల్ నుంచి ఒక పేపర్ వచ్చింది. పిల్లల్లో దిగులు, భయం లాంటివి ఉంటే ముందే కనిపెట్టే స్క్రీనింగ్ అట. మూడో తరగతి పిల్లలందరికీ. ప్రతి ప్రశ్నకీ మూడు గడులు. లేదు, అప్పుడప్పుడు, ఎక్కువగా.

కోడలు మీటింగ్‌లో ఉంది. "అత్తయ్యా, రోజంతా దానితో ఉండేది మీరే కదా. మీరే టిక్ పెట్టేయండి" అంది.

కడుపునొప్పి అంటుందా. ఇంట్లోవాళ్ళని వదిలి వెళ్ళడానికి భయపడుతుందా. ఊరికే దిగులుగా ఉంటుందా.

చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి. ఉందని రాస్తే పిల్లకి పిచ్చి అనుకుంటే? ఆ కాగితం దాచిపెట్టి, పెద్దయ్యాక ఎవరైనా తీసి చూస్తే?

అన్నిటికీ "లేదు" అని పెట్టాను. గీత దాటకుండా, నీట్‌గా. మా పిల్లే ఫస్ట్ వస్తుందనుకున్నాను.

నాలుగో రోజున స్వరూప మేడమ్ నన్ను పిలిపించారు. ఆవిడ ఇక్కడి ఊరి మనిషే, టవర్లు రాకముందు నుంచీ. పేపర్ నా ముందు పెట్టారు.

"అమ్మా, అన్నిటికీ లేదు, లేదు అనే పెట్టిన్రు. గిసొంటి పిల్ల నాకు ఇన్నేండ్లల్ల ఒక్కతి దొరకలే. జర చూపియ్యుండ్రి, ఫొటో దిగుత."

నేను నవ్వలేదు. "మా పిల్లకి ఏం లోటండీ" అన్నాను.

"లోటని ఎవరన్నరమ్మా. రోజూ పొద్దున కడుపునొప్పి అంటదంట గదా."

ఆవిడకి ఎలా తెలుసు? వాము నీళ్ళు పట్టేది, దిష్టి తీసేది నేను కదా, మా ఇంట్లో కదా.

జాహ్నవే చెప్పిందట. ఆవిడ గదిలో చాప మీద కూర్చుని రంగులు వేసుకుంటూ, అరగంటలో చెప్పేసిందట.

ఎనిమిదేళ్ళు నా పక్కలో పడుకుంది ఆ పిల్ల. నాకు చెప్పనిది ఆవిడకి అరగంటలో.

ఆ చాపని చూస్తే కూడా నాకు మంటగా అనిపించింది.

పాప సరేనన్నాకే చెబుతున్నానని, మేడమ్ పాప అన్న మాటలు చెప్పారు. "అమ్మ, నాన్న లేటయితే నాయనమ్మ ఏడుస్తుంది మేడమ్. నేను స్కూల్‌కి వస్తే నాయనమ్మ ఒక్కతే ఉండి భయపడుతుంది. అందుకే ఇంట్లో ఉండాలి."

నిజమే. సాయంత్రం ఆరు దాటితే నేను కూర్చోలేను. బాల్కనీలో నిలబడి గేటు దగ్గర కార్లు చూస్తాను. కోకాపేట ఆఫీసు నుంచి రావడానికి ఇంతసేపా, రింగ్ రోడ్డు మీద ఏమైందో ఏమో అని పైకే అంటాను.

పక్కన పిల్ల నిలబడి వింటోందని ఒక్కరోజూ తట్టలేదు.

"నా వల్లేనా అండీ" అన్నాను. "కోడలికి తెలిస్తే దాన్ని డేకేర్‌లో వేసేస్తుంది. నేనింక ఎందుకు?"

"చెప్పాలె అమ్మా. దాస్తే పాపకే కష్టం. కానీ మీది తప్పన్నట్టు నేను చెప్ప. మీరు ఒక్క పని చెయ్యుండ్రి. మీ ఫికర్ పాప నెత్తి మీద పెట్టకుండ్రి. నాకు ఫోన్ చెయ్యుండ్రి."

చేశాను. మొదట్లో రోజూ చేశాను.

"ఇంకా రాలేదండీ" అంటే, "ఇయ్యాల ఏం కూర వండిన్రు" అని అడిగేవారు. బెండకాయ వేపుడు ఎలా చేశానో చెప్పేలోపు వాళ్ళు వచ్చేసేవారు.

డేకేర్ మాట కోడలు ఎత్తలేదు. మేడమ్ ఏం చెప్పారో నాకు తెలియదు. పాప కడుపునొప్పి ఒక్కసారిగా పోలేదు కానీ, కొన్ని నెలలకి తగ్గింది.

సంతోషించాలి కదా. కానీ ఇంట్లో ఎప్పుడూ ఆవిడ మాటే. మేడమ్ ఇలా అన్నారు, మేడమ్ జడ ఇలా వేసుకుంటారు.

పోయిన నెల పాప ఆవిడకి ఒక కార్డు చేసింది. ఆవిడ బొమ్మ వేసింది. నా బొమ్మ ఎప్పుడూ వేయలేదు. తను ఇవ్వడానికి సిగ్గుపడి, నేను స్కూల్ మీటింగ్‌కి వెళుతుంటే ఇవ్వమని నా చేతికిచ్చింది.

ఇవ్వలేదు. బీరువాలో చీరల కింద పెట్టి, ఇచ్చానని చెప్పాను.

నిన్న జాహ్నవి చాలాసేపు ఏడ్చింది. నేను పోతే ఇంత ఏడుస్తుందా అని చూస్తూ కూర్చున్నాను. నా బుద్ధి అలాంటిది.

కాసేపటికి ఉండలేక లేచాను. కార్డు తెచ్చి దాని చేతిలో పెట్టాను. "ఇవ్వలేదు తల్లీ. కుళ్ళుకున్నాను" అన్నాను.

అది తిడుతుందనుకున్నాను. ముక్కు తుడుచుకుని, "ఆ మాట మేడమ్‌కి చెప్పావా" అంది.

"ఏ మాట?"

"కుళ్ళుగా ఉందని. ఏదున్నా చెప్పచ్చు నాయనమ్మా. మేడమ్ ఏమీ అనరు."

చెప్పలేదు.

మధ్యాహ్నం మా అబ్బాయి సెలవు పెట్టి మేడమ్ ఇంటికి కారు తీశాడు. పాప ఆ కార్డుని ఆవిడ పాదాల దగ్గర పెట్టి వచ్చింది. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను.

స్వరూప మేడమ్, ఇప్పుడు చెబుతున్నాను, అందరి ముందూ. మీరంటే నాకు చాలా కుళ్ళు. మా పిల్ల తన భయం ముందు మీకు చెప్పుకుంది.

మీకు చెప్పుకోబట్టే, నిన్న నాతో అలా మాట్లాడగలిగింది.

ఇక సెలవు తల్లీ. అక్కడైనా ఎవరి ఫోనూ ఎత్తకుండా, హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోండి.