పొన్నకు పోసిన ఉప్పు

న్యూ సెటిల్‌మెంట్‌లో ఏంజలిన్ రైల్వే క్వార్టరు ముందున్నది తోట అంటే తోట, అడవి అంటే అడవి. అందరి వాకిళ్ళలో బంతీ గులాబీ ఉంటే, ఈవిడ వాకిట్లో గంగరావి, వావిలి, మొగలి పొద, వాటి మధ్య నిలువెత్తు పొన్న. పార్సిల్ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా నీళ్ళ గొట్టం అందుకుంటుంది. పాములొస్తాయి దీదీ అని పక్కింటివాళ్ళు గోలపెడితే, "రానీండి, వాటికీ నీడ కావద్దేటి?" అంటుంది. అదీ మనిషి!

ఈ పిచ్చి అంటించింది తండ్రి సత్యవేదమే. భీమిలి దగ్గర సముద్రపొడ్డున పుట్టి, సముద్రమే లేని ఈ రైలు ఊరికి లోకో షెడ్డు పనికొచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. తమ ఊళ్ళో తుఫాను గాలిని ఆ చెట్లే ఆపేవని, పొన్న పూస్తే ఊరంతా ఘుమఘుమేనని చెప్పి చెప్పి కూతురి చెవులు హోరెత్తించాడు. ఇప్పుడాయనకు చూపు మందగించింది. "ఆ వాసన ఒక్కపాలి తగిల్తే సాలే," అంటాడు. ఆ ఒక్కపాలి కోసమే ఏంజలిన్ ఈ ఎర్ర మొరం నేలను గునపంతో తవ్వి, ఇసుక కలిపి, పొన్నను పసిబిడ్డలా సాకింది.

ఈ వేసవిలో పొన్న ఆకులు అంచుల నుంచి మాడసాగాయి. పేడ వేసింది, వేపపిండి చల్లింది. ఊహూఁ! చెట్టు చచ్చిపోతుందేమోనని ఆమెకు అన్నం సయించలేదు. దానికి తోడు వంటింట్లో ఉప్పు తరిగిపోతోంది. తండ్రికి బీపీ, డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. దొంగతిండి తింటున్నాడని ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం మోకాళ్ళ నొప్పులంటూ ఆయన గుడికి రాలేదు. ఆరాధన ముగిసి ఇంటికొచ్చేసరికి ఏముంది? సత్యవేదం పొన్న మొదట్లో చతికిలబడి, చెంబు నీళ్ళలో ఉప్పు కలిపి, వేళ్ళతో తడుముకుంటూ మొదట్లోకి పోస్తున్నాడు.

"అయ్యో నాన్నా! ఏటి సేస్తన్నావు?"

"సముద్రం సెట్టే ఇది. ఉప్పు తగలందే ఎలా పూస్తాది?"

"సంపేసినావు కదా! ఉప్పుగాలి లేకుండా నువ్వు నలభై ఏళ్ళు ఇక్కడ బతకలేదా?"

ఆయన చెంబు కింద పెట్టాడు.

"బతికినానే. ఇదీ నాలాగే బతకాలా?"

ఏంజలిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆయన అడిగింది పువ్వునొక్కదాన్నే అనుకుంది.

కొంగుతో ముఖం తుడుచుకుని, గొట్టం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఉప్పంతా కరిగి కాలవలోకి పోయేదాకా మొదలు తడపమంది. తండ్రి తడుపుతుంటే పక్కన కూర్చుని, మాడిన ఆకులు తుంచుతూ అడిగింది.

"మీ ఊరికి పోదామా నాన్నా? ఆఫీసులో సెలవడుగుతాను."

సత్యవేదం గొట్టం పట్టుకునే తల అడ్డంగా ఆడించాడు.

"ఇది తేరుకోనీ. దీన్నొదిలేసి ఎక్కడికే?"