డాలరు నోటు మీది రెండు మాటలు

బ్రూక్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు కింది దుకాణం నుంచి నేతిలో కాలే ఒబ్బట్టు వాసన నిన్న ఒక్కసారిగా ముక్కుకు తగిలేసరికి, లిఫ్టు సంగతి మరిచిపోయి, పాతికేళ్లు వెనక్కి, కె.ఆర్.పురంలో మా అవ్వ పెనం ముందుకు వెళ్లి కూర్చున్నాను.

శ్రావణమాసంలో వరమహాలక్ష్మి పండగ వచ్చిందంటే గడపకు పసుపు, గుమ్మానికి మామిడాకులు, వంటింట్లో బెల్లంతో కలిసి ఉడికే శనగబేళ్ల ఘుమఘుమ, కలశం ముందు విసనకర్రలా పేర్చిన కొత్త నోట్లు. ఆ ఏడు టాక్సీ నడిపే మా నాయన, బండెక్కిన దొర ఎవరో ఇచ్చాడని ఒక డాలరు నోటు తెచ్చి వాటి పక్కన పెట్టబోయాడు. నోటు మీది మనిషి బొమ్మ చూసి అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవురప్పా ఈయప్ప? దేవుని పేరు లేని దుడ్డు కలశం కాడ పెట్టొద్దు."

మన నోట్ల మీద ఏ దేవుడి పేరుందని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది ఐదో తరగతి చదివే నాకొక్కదానికే. నోటు వెనక పెద్దక్షరాలు చూసి ఎగిరి గంతేశాను.

"దేవుణ్ణే నమ్మినాము అని రాసుండాది అవ్వా!"

అవ్వ మొహం వెలిగిపోయింది. అంతటితో ఊరుకుందా! ఆ అక్షరాల పక్కనే ఉన్న ఇటుకల గోపురం బొమ్మ మీది ఒంటి కన్ను చూపించి, "ఈ కంటి పైన ఏముండాదో సదువు పాపా" అంది. ఉన్నవి రెండే మాటలు, ఒక్కటీ నాకు తెలిసిన ఇంగ్లీషు కాదు. స్టేషన్ దగ్గర ఒబ్బట్ల బండి పెట్టాలనీ, పెడితే నలుగురిలో నవ్వులపాలవుతానేమోననీ అవ్వ ఆర్నెల్లుగా ఊగిసలాడుతోంది. అది గుర్తొచ్చి నోటికొచ్చింది అనేశాను.

"మొదులుపెట్టిన పనికి దేవుడు సరే అంటాడంట."

అవ్వ సరిగ్గా ఆ కంటికే పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది. ఇక ఈ నోటును ఎవరు మారుస్తారని నాయన నెత్తి కొట్టుకున్నాడు. సోమవారమే బండి కదిలింది, మధ్యాహ్నానికి ఒబ్బట్లన్నీ అయిపోయాయి! నేను మాత్రం నాకని అవ్వ దాచిన ఒబ్బట్టును, నా అబద్ధం బయటపడుతుందేమోనని వణుకుతూ తిన్నాను, తింటూ వణికాను. ఆ భయంతోనే ఇన్నేళ్లూ ఆ మాటలకు అర్థం వెతకలేదు.

నిన్న ఒబ్బట్టు చేతిలో వేడిగా ఉండగానే ఫోనులో వెతికాను. లాటిను మాటలట. 'మేం మొదలుపెట్టిన పనులకు ఆయన సమ్మతించాడు' అని అర్థమట! మెట్ల మీదే కేక పెట్టాను, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

బండి నిలిచిన చోట ఇప్పుడు మెట్రో స్తంభం ఉంది. పసుపు మరకతో ఆ నోటు నా పర్సులో ఉంది. నేను చెప్పింది అబద్ధం కాదవ్వా అని చెబుదామంటే అవ్వే లేదు.