ఆమెన్ తరువాత

జగ్గయ్యపేటలోని ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెప్పే పరిమళ, పాడ్‌కాస్ట్ అనే మాటను తోటి ఉపాధ్యాయిని కృపాజ్యోతి నోట మొదటిసారి విన్నది. అది రేడియో ప్రసంగం వంటిదే గాని, ఎవరికి తీరినప్పుడు వారు ఫోనులో వినవచ్చుననీ, చవకరకం కాలర్ మైకు, చప్పుడు లేని గది, చెప్పదగిన సంగతి ఉంటే చాలుననీ కృపాజ్యోతి వివరించింది.

చెప్పదగిన సంగతి ఏదో పరిమళకు వెంటనే తట్టింది. ఆమె తల్లి ఆరోగ్యమ్మ పెనుగంచిప్రోలులో నాట్లు వేసే ఆడవాళ్ల ముఠాకు పెద్దగా బ్రతికిన మనిషి. ఇప్పుడామె గొంతులో పుండు. స్వరపేటిక తీసివేయక తప్పదని విజయవాడ వైద్యులు తేల్చారు. ఆ తరువాత మాట ఉండదు. ఆ ముఠా ఆడవాళ్ల కథలను అమ్మ గొంతుతోనే దక్కించుకోవాలని పరిమళ తపించింది.

ఆస్పత్రిలో చేర్చే ముందు తల్లిని నందిగామలోని తన ఇంటికి తెచ్చుకున్నది. కృపాజ్యోతి చెప్పినట్టే కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, గది మారుమోగకుండా గోడలకు బొంతలు వేలాడదీసింది. ఫోనుకు కాల్స్ రాకుండా చేసి, మైకును తల్లి పైటకు, నోటికి జానెడు దూరాన తగిలించింది.

"ఈ ఎండల్లో బొంతలేందే? నన్ను ఉడకబెట్టి వినిపిస్తావా జనానికి?" అన్నది ఆరోగ్యమ్మ. మిగిలిన కాస్త గొంతునూ ఈ పని కోసమే ఆమె కొద్ది రోజులుగా పొదుపుగా వాడుకుంటున్నది.

"మొదలుపెడదామా అమ్మా?"

"ప్రార్థన చేసుకోకుండానే?"

ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ప్రార్థనలో చేతులు కదిలిస్తే చిన్ననాడు తొడపాశం పెట్టిన తల్లి ఆమె. అందుచేత రికార్డింగ్ బటన్ నొక్కడం ఆమెన్ తరువాతి పనేనని పరిమళ తలచింది.

ఆరోగ్యమ్మ తన ముఠానంతటినీ దేవునికి ఒప్పజెప్పింది. మున్నేరు దాటుతూ కొట్టుకుపోయిన జీవరత్నాన్ని, పచ్చిబాలింతగా బిడ్డను గట్టున పడుకోబెట్టి బురదలో దిగిన ఫ్లోరెన్స్‌ను, మంచినీళ్లు అడిగి ఆసామి చేత మాటపడి మళ్లీ ఆ చేలో కాలు పెట్టని సువార్తమ్మను పేరుపేరునా తలచుకొని, వీళ్లు నీకు గుర్తున్నారా ప్రభువా అని అడిగింది. పరిమళ వేళ్లు ఫోను వైపు జరిగాయి. తల్లి మూసిన కళ్లను చూసి, ఆమె మళ్లీ చేతులు జోడించుకున్నది.

ఆమెన్ అన్నాక బటన్ నొక్కింది. ఆరోగ్యమ్మ నోరు తెరిచింది. గాలి మాత్రమే వచ్చింది. దగ్గి, గుక్కెడు నీళ్లు మింగి, గుసగుసగా అన్నది.

"అంతా ఇందాకే చెప్పా గదే. నువ్వు వినలా?"

"విన్నా అమ్మా."

ఆ గొంతు మళ్లీ పెగలకముందే ఆపరేషన్ జరిగిపోయింది. పరిమళ తాను విన్నదంతా తన గొంతుతో రికార్డు చేసి, నలుగురికీ వినిపించే ముందు తల్లి మంచం పక్కన కూర్చుని వినిపించింది. జీవరత్నం మున్నేరులో పోయిన చోట ఆరోగ్యమ్మ చెయ్యి ఎత్తి అడ్డంగా ఊపింది. పేరు తప్పా, చోటు తప్పా, జరిగిన తీరే తప్పా అని కూతురు ఒక్కొక్కటే అడిగింది. అన్నింటికీ తల అడ్డంగానే ఊగింది. చదువు రాని మనిషి, రాసి చూపలేదు. పెదవులు మాత్రం ఒకే మాటను మళ్లీ మళ్లీ పలికాయి. ఎంత తేరిపార చూసినా అది ఏ మాటో పరిమళకు అందలేదు.

తరువాత ఎప్పుడు వినిపించినా ఆ చెయ్యి అక్కడే లేస్తున్నది. పాడ్‌కాస్ట్ ఇంకా ఎవరికీ చేరలేదు.