డ్రమ్స్ లేని ఆల్బమ్

మా రాక్ బ్యాండ్ వదిలేసి వెళ్లిన శీను సొంతంగా మొదటి ఆల్బమ్ చేశాడని తెలిసి, తప్పులు పట్టడానికే ఈ రోజు దర్శి దగ్గర వాళ్ల ఊరు వెళ్లాను. సీజన్ అయిపోయి ఖాళీగా ఉన్న, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో రికార్డు చేశాడట. అక్కడే కూర్చోబెట్టి సీడీ వినిపించాడు. ఒక్క గిటారు, వాడి గొంతు, అంతే. ఆ ఎత్తు గోడల మధ్య వాడి పాట పైకి లేస్తుంటే ఒళ్లు జలదరించింది. ఐదేళ్లు వాడి వెనకే కూర్చుని డ్రమ్స్ వాయించినవాణ్ణి, ఈ గొంతు ఎప్పుడూ వినలేదు!

"డ్రమ్స్ ఏవిరా?" అన్నాను.

"నువ్వు నాతో మాట్లాడటం మానేశావు. ఇంకోడి చేత కొట్టించబుద్ధి కాలేదురా."

డ్రమ్స్ లేకపోబట్టే అంత బాగుందని వాడికి చెప్పాలా, వద్దా? మీరే చెప్పండి.