కట్టని తాడు

గాలి లేచిన రోజున రఘునాథపల్లి దాటాక వచ్చే కూడలిలో నా బస్సు ఆగితే, గద్దె మీది జెండా కంబానికి తాడు కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది. టంగ్, టంగ్, టంగ్. బస్సులో మిగతావాళ్లకు అదొక చప్పుడే కాదు. నాకు మాత్రం ఎవరో చెంప మీద కొడుతున్నట్టుంటుంది. ఎందుకంటే అది జెండా కోసం పుట్టిన కంబం కాదు, పడవలో తెరచాప కట్టడానికి పుట్టింది. దాని సొంతదారు సోమ్లా నాయక్ సారు. సాయంత్రానికి తెచ్చిస్తామని తీసుకుపోయినవాళ్లు ఈనాటికీ తెచ్చివ్వలేదు. దాని మీద జెండా రంగు రెండుసార్లు మారింది. ప్రతి రంగువాళ్లూ కొబ్బరికాయ కొట్టారు గానీ, ఈ కంబం ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

సారుది మహబూబాబాద్ అవతల ఒక తండా. పడుచుతనంలో ఓడల మీద పనికి పోయి, తల నెరిశాక తిరిగొచ్చి, జనగామ శివారులో ట్రాక్టర్ ట్రాలీలు చేసే షెడ్డు పెట్టాడు. గొంతు పెద్దది, కోపం అంతకన్నా పెద్దది, ఓర్పు మాత్రం ఏ టేపుతో కొలిచినా అందనంత చిన్నది. నేను ఆ షెడ్డులో పనికి కుదిరే నాటికి తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతోంది. నా చేతిలో డిగ్రీ ఉంది, దానికి తగ్గ నోటిఫికేషన్ లేదు. షెడ్డు రేకుల కింద మాత్రం ఎండాకాలమంతా నలభై అయిదు డిగ్రీలు. సారు నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏయ్ డిగ్రీ, గా గ్రైండర్ అందుకో" అనేవాడు. నా పట్టాను అంతగా గుర్తుపెట్టుకున్న మనిషి మరొకరు లేరు.

ఒకరోజు ఆయన హైదరాబాదులో ఏదో పడవల క్లబ్బు పాతసామాను కింద అమ్మేసిన చిన్న తెరచాప పడవను ట్రాలీకి కట్టుకుని తెచ్చాడు. ఇద్దరు కూర్చుని సాయంత్రం పూట షికారు తిరిగే పడవ అది. దాన్ని ఒక మనిషి నెలరోజులు తిని పడుకోగల ఇల్లుగా మార్చాలన్నాడు. కాళేశ్వరం దగ్గర గోదావరిలో దించి, సముద్రం దాకా ఒక్కడే పోతాడట.

"ఎందుకు సారూ?" అన్నాను.

"నీళ్లు, నీళ్లు అని ఇన్నేండ్ల సంది కొట్లాడుతున్నం గద. మన పక్క నుంచి పోయే నీళ్లు ఆఖరికి ఎటు పోతున్నయో ఒక్కడన్న పోయి చూసిండా? నేను చూసొస్త. చూడకుంట తిట్టుడు నాతోని కాదు."

పని మొదలైంది. మాకు తెలిసిందల్లా ట్రాలీ. పడకకు ఇనుప యాంగులర్లు, సామానుకు మందపు రేకు పెట్టె, పొయ్యికి ఇనుప తొట్టి. "గట్టిగుండాలె" అని సారే అన్నాడు, మేం వెల్డింగ్ చేస్తూ పోయాం. చిల్పూరు దగ్గర చెరువులో దించితే పడవ అంచుదాకా మునిగి, బర్రెలాగా ముక్కు ఒక్కటే పైకి పెట్టుకుంది. గట్టు మీద ఒక ముసలామె, "నాయక్ సారూ, వడ్లెప్పుడు నింపుతవ్?" అని అరిచింది. నవ్వనివాడు లేడు. సారు నడుములోతు నీళ్లలోనే నిలబడి అన్నాడు: "ట్రాలీ బరువును భూమి మోస్తది. భూమి ఏమనదు. నీళ్లు అట్ల ఊకోవు. పా, అన్నీ ఊడదీయాలె."

మర్నాటి నుంచి ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని "గిది ఎందుకు?" అని అడిగేవాడు. జవాబుంటే పడవలోకి, లేకుంటే షెడ్డు మూలకు. ఇనుప పడక పోయి నవారు పడక వచ్చింది. పొయ్యిని మూడు గొలుసులతో ఉయ్యాలలా వేలాడదీశాం. పడవ ఒరిగినా గిన్నె ఒరగదు. పైన తాటిపత్రి గుడ్డతో మడిచే కప్పు వేశాం. పడవ పక్కకు కొట్టుకుపోకుండా అడుగున ఉండే పలకను, ఇసుక తగిలితే పైకి లాగడానికి తాడు కట్టాం. కరెంటు తీగల కిందా వంతెనల కిందా వంచడానికి కంబం మొదట్లో మడతబందు పెట్టాం. నా బతుక్కి చుక్కాని లేకపోయినా పడవ చుక్కానికి రంగేసింది నేనే. అన్నీ అయ్యాక సారు నన్ను కూడా ఎగాదిగా చూసి "మరి నువ్వెందుకు?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను.

కంబం నిలబెట్టి ఉన్నప్పుడు గాలికి తాడు దానికి కొట్టుకుంటే మాత్రం ఆయన అన్నం ముందు నుంచి కూడా లేచి పోయేవాడు. "తాడు కొట్టుకుంటున్నదంటే పడవల మనిషి లేనట్టు. ఉన్నోడైతే పక్కకు గుంజి కడ్తడు."

నదిలో పోవడానికి అనుమతి కోసం నీటిపారుదల ఆఫీసుకు పోయాం. అక్కడి అధికారి కోస్తా వైపు మనిషి. "మీ వైపు పడవలు కూడా ఉంటాయేంటండీ? తెరచాపంటే తెలుసా మీవాళ్లకి?" అన్నాడు. సారు తన సంగతి చెప్పుకుంటే ఆ మాటల్నే సాగదీసి పక్కవాళ్లకు వినిపించాడు: "నీళ్లు ఎటు పోతున్నయో సూసొస్తడంట!" గదంతా నవ్వింది. పోవద్దని రూలుందా అని సారు అడిగితే లేదన్నాడు. పోవచ్చని రాసిస్తారా అంటే రాసివ్వనన్నాడు. ఫైలు తేల్చరు, పడవ తేలనివ్వరు. మెట్లు దిగుతూ నేను ఉడికిపోతుంటే సారు నా భుజం తట్టాడు. "తుఫానుల ఎవని యాస ఎవడు చూస్తడు డిగ్రీ? వద్దనలే గద, పోత."

వానలు వెనకపట్టాక గోదావరి నిండుగా, నెమ్మదిగా ఉండేది కొన్ని వారాలే. పడవ సిద్ధమైంది. సరిగ్గా అప్పుడే జనగామ నుంచి రఘునాథపల్లి మీదుగా పెద్ద ఊరేగింపు. మా వైపు చోటా నాయకుడొకడు షెడ్డుకొచ్చి, "సారూ, నీళ్ల కోసం ఊరేగింపు. పడవ ముందట నడిస్తె పేపర్ల వస్తం. పొద్దుమీకి తెచ్చిస్త" అన్నాడు. "ఉద్యమం మనదే గద" అని సారు తానే ట్రాక్టర్ నడిపాడు. కంబానికి జెండా ఎక్కుతుంటే ఆయన కళ్లు మెరవడం నేను చూశాను. పొద్దుమీకి పడవ వచ్చింది. కంబం రాలేదు. కూడలిలో కొత్తగా కట్టిన గద్దె సిమెంటులో నిలబడింది. రేపిస్తమన్నారు. ఎల్లుండన్నారు. గోదావరి తగ్గుతూ పోయింది. చివరికి సారు పోయి గట్టిగా అడిగితే, ఆ నాయకుడు చుట్టూ ఉన్న జనానికి వినపడేలా అన్నాడు: "సారూ, నీకు పడవ ముఖ్యమా, రాష్ట్రం ముఖ్యమా?"

ఇన్నేళ్లయినా ఆ ప్రశ్న నా ఒంట్లో మండుతూనే ఉంది. ఒక మనిషి సొత్తు తీసుకుని, తిరిగి అడిగితే అంత పెద్ద మాటను అడ్డం పెట్టి ఆ మనిషినే సిగ్గుపడేలా చేయడం ఏం న్యాయం? ఆ అధికారి మా యాసను వెక్కిరించాడు. ఇతను మా యాసలోనే మమ్మల్ని దోచాడు. సారు ఒక్క మాటే అన్నాడు: "గా ప్రశ్న అడిగినోడు రెండిట్నీ ముంచుతడు."

"గ్రైండర్ పట్టుకపోదాం సారూ. నిమిషంల కోసుకొస్త" అన్నాను.

"కోస్తవ్. రేపు ఏమంటరు? లంబాడోడు తెలంగాణ జెండ దించిండంటరు. నీ పేరు ఎవడు ఎత్తడు డిగ్రీ. నా పేరే ఎత్తుతరు."



భూపాలపల్లి అడవి వైపు నుంచి వెదురు బొంగు తెప్పించి కంబం చేశాం. తెరచాపను కత్తిరించి చిన్నది చేశాం. కాళేశ్వరంలో పడవ దించే నాటికి ఒడ్డున తడిగీత మనిషెత్తు పైన కనిపిస్తోంది. నీళ్లలో ఉండాల్సిన రాళ్లు బయటికొచ్చాయి. ఆయన పోయాడు. భద్రాచలం ఇంకా రాకముందే ఫోన్ వచ్చింది. "బొంగు ఇరిగింది డిగ్రీ. రాయికి గుద్దుకున్న. నాకేం కాలే. నీళ్లు పోతనే ఉన్నయి, నేనే ఆగిన." ట్రాలీ తీసుకుపోయి, అడుగు పగిలిన పడవను ఎక్కించుకొచ్చాం.

రాష్ట్రం వచ్చిన రోజు షెడ్డులో అందరికన్నా ముందు మిఠాయి పంచింది ఆయనే. నాకు ఉద్యోగం వచ్చింది. ఆ నాయకుడికి కుర్చీ వచ్చింది. సారుకు కంబం రాలేదు. సముద్రం దాకా చూడలేదన్న మాట చివరిదాకా అంటూనే కన్నుమూశాడు.

మొన్న గాలి రోజున బస్సు దిగి గద్దె ఎక్కాను. తాడును కంబానికి ఎడంగా గుంజి, కింది కొక్కేనికి బిగించి కట్టాను. చప్పుడు ఆగింది. టీ బండి దగ్గరి మనిషి కేకేశాడు: "ఏంది సారూ, జెండ దించుతున్నవా?"

"లేదన్నా, తాడు కడుతున్న."

"గదెందుకు?"

అది సారు అడిగే ప్రశ్న. ఈసారి నా దగ్గర జవాబుంది.

"ఈ కంబానికి మనిషున్నడన్నా."